నాలుగో బెంచి లెక్క

మా అక్క కంప్యూటర్ ముందు కూర్చునేసరికి ఆమెకు యాభై రెండేళ్ళు. అంతకు ముందు ఇరవై ఆరేళ్ళ పాటు ఆమె చేతిలో ఉన్నవి ఒక స్క్రూడ్రైవరూ, వైర్ల చివర్లు ఒలిచే కట్టరూ.

మా ఫ్యాక్టరీలో లిఫ్టులకు బ్రేకులు తయారవుతాయి. లిఫ్టు ఆగవలసిన చోట దాన్ని పట్టుకుని కదలకుండా ఉంచేది ఆ బ్రేకే. బ్రేకుల్ని పరీక్షించే యంత్రాలకు కంట్రోలు ప్యానెళ్ళు కట్టడం అక్క పని. ప్యానెల్ తలుపు తెరిస్తే లోపల వందల వైర్లు నున్నగా దువ్వి అల్లిన జడల్లా ఉండేవి. ఏ వైరు ఎక్కడ బయలుదేరి ఎక్కడ తేలుతుందో కాగితం చూడకుండా చెప్పేది. అందుకే షాపులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ప్యానెలక్క. నాకొక్కడికే ఉత్త అక్క.

నేను అదే ఫ్యాక్టరీలో డిస్పాచి గుమాస్తాని. పరీక్ష నెగ్గిన బ్రేకుల కాగితాలు చూసి, పెట్టెలకు సీలు వేయించి, లారీ ఎక్కిస్తాను. మా బావ, అంటే అక్క భర్త, లైనింగు మేస్త్రి. బ్రేకులో డ్రమ్మును గట్టిగా కరిచి పట్టుకునే గరుకు పట్టీని లైనింగు అంటారు. దాన్ని అతికించి, నునుపు చేసి, కొలత చూసే విభాగం ఆయనది. ముగ్గురం పొద్దున్నే ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళేవాళ్ళం.

"మీ ఇంటిల్లిపాదినీ ఈ ఫ్యాక్టరీయే మోస్తోందమ్మా" అని మేనేజరు ఎకసెక్కాలాడేవాడు.

"తిరగేసి చెప్తున్నారు సార్" అని అక్క అక్కడికక్కడే అంటించేది.

అలాంటిది, ఒక ఏడాది ప్యానెళ్ళన్నీ ఊడబెరికారు. కరెంటు అందగానే టక్కున పట్టుకునే మీటల్లాంటి రిలేలు పోయాయి, టైమర్లు పోయాయి. వాటి స్థానంలో ఒక కంప్యూటరూ, దాని వెనక ఇద్దరు పట్టేంత ఒక బూడిద రంగు పెట్టే వచ్చాయి. వాటితో పాటు ఒక ఇంజనీరు వచ్చాడు. పాతికేళ్ళ వాడు, మెత్తని మనిషే గానీ, ఎప్పుడూ హడావిడిగా ఉండేవాడు. వైరింగు విభాగంలో మిగిలిన నలుగురూ వేరే పనులు వెతుక్కున్నారు. అక్క మాత్రం ఒక మధ్యాహ్నం భోజనం డబ్బా చేత్తో పట్టుకునే వెళ్ళి ఆ ఇంజనీరు కుర్చీ వెనక నిలబడింది.

"ఇదేంటి బాబూ, మా వైరింగు డ్రాయింగులా ఉందే?"

"ఇది ప్రోగ్రామండీ."

"మరి వైర్లున్నాయి?"

"ఆ వైర్లే ప్రోగ్రాం. మాటలతో రాయం, బొమ్మలతో గీస్తాం. ఇదిగో, ఈ పెట్టె సెన్సరు చెప్పింది చదువుతుంది. చదివింది ఈ వైరు మీదుగా ఈ పక్క పెట్టెలోకి వస్తుంది."

అక్క డబ్బా బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, తెర మీది ఒక వైరును వేలితో చివరిదాకా అనుసరించింది. ఆ రోజు అన్నం తిన్నట్టు లేదు.

ఏడాది తిరిగేసరికి చిన్న చిన్న ప్రోగ్రాములు సొంతంగా గీయగలిగింది. ఇంట్లో పాత క్యాలెండర్ల వెనక వైపంతా పెట్టెలూ, గీతలే. సహాయం పేజీలు ఇంగ్లీషులో ఉంటే పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో వాక్యం కూడబలుక్కునేది. ఈ వయసులో ఇదంతా ఎందుకక్కా అని అడిగితే, "ఈ వైర్లు షాక్ కొట్టవురా. భయమెందుకు?" అంది.

ఇక్కడ ఆ పరీక్ష సంగతి కొంచెం చెప్పాలి. బెంచి అనే ఇనప బల్ల మీద బ్రేకును బిగించి, దాని చేత తిరిగే డ్రమ్మును ముప్పై వేల సార్లు పట్టిస్తారు, వదిలిస్తారు. పట్టినప్పుడు డ్రమ్ము గీత దాటకుండా ఆగాలి. దాటితే దాన్ని జారుడు అంటారు. ముప్పై వేల పట్లలో మూడు జారుళ్ళ దాకా క్షమిస్తారు. నాలుగోది పడితే బ్రేకు వెనక్కి పోతుంది. ఇదంతా ముగిసేసరికి రెండు రోజులకు పైనే పడుతుంది.

జారుళ్ళు లెక్కపెట్టడానికి ఇంజనీరు ఒక చిన్న ప్రోగ్రాం గీసి, దాన్ని ఒక బొమ్మగా పెద్ద ప్రోగ్రాంలో పెట్టాడు. బ్రేకు పట్టిన ప్రతిసారీ పెద్ద ప్రోగ్రాం ఆ చిన్నదాన్ని పిలుస్తుంది. అది సెన్సరును చూసి, జారితే ఒకటి కలిపి, ఆగిపోతుంది. ఆరు సెకన్లకు మళ్ళీ పిలుపు. పిలుపుకీ పిలుపుకీ మధ్య అది నిద్రపోతుంది కాబట్టి, నిద్రలో లెక్క మరిచిపోకూడదు. దానికోసం ఆ బొమ్మ లోపల కుడి అంచున ఒక గడి, ఎడమ అంచున ఒక గడి ఉంటాయి. షిఫ్ట్ రిజిస్టర్ అంటారు. కుడి గడిలో వేసిన అంకె తర్వాతి పిలుపులో ఎడమ గడిలోంచి వస్తుంది. ప్రోగ్రాం మూసేస్తే తప్ప అది చెరగదు. ఇది నాకు అర్థమయ్యేదాకా అక్క మూడు క్యాలెండర్లు ఖర్చు పెట్టింది.

ఒక్క బెంచి ఉన్నన్నాళ్ళూ అంతా సవ్యంగా సాగింది. బ్రేకు మారినప్పుడల్లా ప్రోగ్రాం మూసి తెరిచేవారు. లెక్క సున్నా నుంచి మొదలయ్యేది.

అప్పుడు ఒక కొత్త ఆసుపత్రికి ఆరు బ్రేకులు కావాలని ఆర్డరు వచ్చింది. మంచం మీద ఉన్న రోగిని మంచంతో సహా పైకి తీసుకెళ్ళే లిఫ్టులు. మేనేజరు హాల్లో ఆరు బెంచీలు వేయించాడు. ఇంజనీరు తన లెక్కల బొమ్మను ఆరు చోట్ల పెట్టి వైర్లు కలిపాడు. ఆరు బ్రేకులూ ఎక్కాయి. తీరా కాగితాలు వచ్చేసరికి నాలుగు బ్రేకులు తప్పాయి.

ముప్పై ఏళ్ళలో మా బావ చేతి కింద ఒకేసారి నాలుగు బ్రేకులు తప్పడం ఎవరూ ఎరగరు. ఇంజనీరు ప్రోగ్రాం మూసి తెరిచి, తప్పిన వాటిలో రెంటిని ఒకదాని తర్వాత ఒకటిగా నడిపి చూశాడు. రెండూ శుభ్రంగా నెగ్గాయి. అది బావకు మేలు చేయాల్సింది పోయి కీడు చేసింది.

"ఒకసారి నడిచాక పట్టీ సర్దుకుందన్నమాట" అన్నాడు మేనేజరు, అందరి ముందూ. "అంటే మొదట సరిగ్గా అతకలేదు. మేస్త్రీ, ఆరింటికీ లైనింగు మళ్ళీ వెయ్యండి. ఈసారి పక్కన సూపర్‌వైజరు నిలబడతాడు."

బావ తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన తీరే అంత. ముప్పై ఏళ్ళుగా చేసిన పనిని, నిన్న చేరినవాడిలా పక్కన ఒకడు నిలబడి చూస్తుంటే చేశాడు. ఇంటికి వచ్చాక కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చునేవాడు.

అక్క ఇంట్లో ఆయన్ని ఓదార్చలేదు. మర్నాడు నా డిస్పాచి గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"తమ్ముడూ, ఆ ఆరు కాగితాలూ తియ్యి."

తీశాను. బ్రేకు నంబర్ల వరుసలో ఫైలు చేసి ఉన్నాయి. జారుళ్ళు ఐదు, రెండు, ఎనిమిది, ఒకటి, ఏడు, నాలుగు.

"ఇలా కాదు. పరీక్ష ముగిసిన టైము ప్రకారం పేర్చు."

బ్రేకుల్ని ఒకేసారి ఎక్కించలేదు కాబట్టి ఒక్కోటి ఒక్కో వేళకు ముగిసింది. బల్ల మీద ముందు ముగిసినదాన్ని ముందు పెట్టుకుంటూ వచ్చాను. ఒకటి. రెండు. నాలుగు. ఐదు. ఏడు. ఎనిమిది.

"మెట్లెక్కినట్టు పోతోందేంటక్కా?"

"ఒక్కసారైనా తగ్గిందా?"

"లేదు."

"ఆరు బ్రేకులు ఆరు మనుషుల్లాంటివిరా. ఎవరి జ్వరం వాళ్ళది. ఒకరి తర్వాత ఒకరికి వరసగా పెరుగుతూ పోవడం ఎక్కడైనా ఉందా?" అక్క చివరి కాగితం మీద వేలు పెట్టింది. "తెర మీద బొమ్మ ఆరు చోట్ల ఉంది. కానీ లోపల లెక్క పట్టుకునే రిలే ఒక్కటే. ఎక్కడ ఏది జారినా లెక్క అందులోనే పడుతోంది. ఎవరి పరీక్ష ముగిస్తే వాళ్ళు ఆ ఉమ్మడి అంకెను తమదనుకుని పట్టుకుపోతున్నారు."

"మరి విడిగా నడిపినప్పుడు?"

"ఒక్కటే ఉంటే కలవడానికి ఇంకేముంది?"

కాగితాలు పట్టుకుని పరుగులాంటి నడకతో ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. అతను చెవి దగ్గర ఫోను పెట్టుకునే కాగితాలు చూశాడు. ఫోను దించి, "పాత లెక్క చెరగకుండా మిగిలిపోతోంది ప్యానెలక్కా. నాకు తట్టనే లేదు. నిమిషంలో పని" అన్నాడు.

"మిగలడం ఒక్కటే కాదు బాబూ, ఆరింటికీ..."

ఫోను మళ్ళీ మోగింది. సరుకు ఎప్పుడు పంపుతారో ఖాయం చెయ్యమని ఆసుపత్రివాళ్ళు. అతను ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో ఆ బొమ్మను తెరిచి, ఎడమ గడికి ఒక సున్నా తెచ్చి తగిలించాడు. "ఇక ఎవరిదీ ఎవరికీ అంటదు" అని చేయి ఊపి బయటికి వెళ్ళిపోయాడు. అక్క ఆ సున్నా వైపు చూస్తూ కాసేపు నిలబడింది.

కొత్త లైనింగులతో ఆరు బ్రేకులూ మళ్ళీ ఎక్కాయి. మూడో రోజు మధ్యాహ్నానికి కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా.

హాలంతా పండగ చేసుకున్నంత పని చేసింది. మేనేజరు బావ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. "చూశారా మేస్త్రీ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే మీకు సాటి ఎవరు?" ఆ మాటలో ముల్లు ఉన్నా, బావ ముఖంలో వారం తర్వాత రక్తం కనిపించింది. లారీ గేటు దగ్గర నిలిచి ఉంది. పెట్టెలకు మేకులు కొట్టించి, సీలు వెయ్యడానికి లక్క వేడి చేయిస్తున్నాను. అప్పుడు అక్క వచ్చింది. చీర కొంగు నడుముకి బిగించి ఉంది.

"సీలు వెయ్యకు."

"అదేంటి? ఆరూ సున్నాలే కదా!"

"అదేరా నా బాధ. నిన్నా మొన్నా నేను నాలుగో బెంచి పక్కన కేబులు మారుస్తూ కూర్చున్నాను. అది నా చెవిన పడేట్టు ఐదు సార్లు జారింది. డ్రమ్ము గీత దాటితే కీచుమని ఒక చప్పుడొస్తుంది. సుద్దతో బెంచి కాలు మీద గీతలు పెట్టాను. ఐదు. నేను లేనప్పుడు ఎన్ని జారిందో దేవుడికెరుక. కాగితం సున్నా అంటోంది."

బావ పెట్టెల పక్కనే ఉన్నాడు. విన్నాడు.

నేను మా అక్కను చాలాసార్లు చూశాను గానీ, ఆ నిమిషంలో చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. వారం రోజుల అవమానం తర్వాత మొగుడికి దక్కిన మర్యాదను తన చేత్తో తీసెయ్యబోతోంది. ఆవిడకి ఆ సంగతి తెలుసు. అయినా ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమండీ, మీ బ్రేకులన్నీ పాసయ్యాయన్నారు కదా. ఆ పాసు అబద్ధం. ఆ బొమ్మకి సున్నా తగిలించాక, పిలిచిన ప్రతిసారీ అది సున్నా నుంచే మొదలుపెడుతోంది. వెయ్యి సార్లు జారినా దానికి గుర్తుండదు. మీ బ్రేకులు మంచివో కావో ఈ కాగితాలు చూసి ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను."

బావ పెట్టె మీద చెయ్యి ఆన్చి అడిగాడు. "నాలుగో బెంచిది నిజంగా జారిందా?"

"జారింది."

"నువ్వు విన్నావు?"

"నా చెవులతో విన్నాను."

"అయితే ఆపమను" అన్నాడు బావ, నా వైపు తిరిగి. "వీడెందుకింకా లక్క కాగబెడుతున్నాడు?"

లారీ కదలలేదని తెలిసి మేనేజరు ఎర్రబడ్డ ముఖంతో మేడ మీంచి దిగాడు. "ఏంటమ్మా ఇది? తప్పాయంటే ప్రోగ్రాం తప్పన్నావట. పాసయ్యాయంటే కూడా ప్రోగ్రాం తప్పేనా? నీకు నచ్చిన అంకె ఏదో చెప్పు, అదే వేయిస్తాను!"

కొందరు నవ్వారు. అక్క నవ్వలేదు. "అంకె నేను చెప్పను సార్. అదే చెప్పాలి. ఐదు నిమిషాలు హాల్లోకి రండి."

అందరం వెళ్ళాం. ఇంజనీరు కూడా వచ్చాడు. అక్క ఖాళీగా ఉన్న నాలుగో బెంచి మీద డ్రమ్ము తిప్పకుండా, ప్రోగ్రాం మాత్రం నడిపించింది. నడుము దగ్గర దోపుకున్న ఉక్కు స్కేలు తీసి, జారుడును కనిపెట్టే సెన్సరు ముందు పెట్టింది. డ్రమ్ము గీత దాటినా, ఇనుము ఎదురొచ్చినా సెన్సరుకు ఒకటే. ఎర్ర దీపం వెలిగింది.

"ఒకటి" అంది. తెర మీద ఒకటి పడింది. స్కేలు తీసింది. ఆరు సెకన్లు గడిచాయి. ఒకటి సున్నా అయింది. మళ్ళీ పెట్టింది. "రెండు." తెర మీద ఒకటి. మళ్ళీ సున్నా. అలా పది సార్లు పెట్టింది. చివర్లో పరీక్ష ముగించు అని నొక్కితే ప్రింటరు కాగితం కక్కింది. జారుళ్ళు: సున్నా. ఫలితం: పాసు.

మేనేజరు ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. ఆ లిఫ్టులు ఎక్కడికి పోతున్నాయో ఆయనకీ గుర్తొచ్చి ఉంటుంది. "లారీని పంపించెయ్యండి. ఖాళీగా" అన్నాడు.

ఇంజనీరు తల వంచుకున్నాడు. "తప్పు నాది ప్యానెలక్కా. ఆ రోజు మీరేదో చెప్పబోయారు, నేను వినలేదు."

"ఇప్పుడు విను బాబూ. ఆరు ప్యానెళ్ళకు ఒక్క రిలే పెడతామా? పెట్టం. ఎవరి రిలే వాళ్ళకుండాలి. నొక్కిన బటన్ వదిలేసినా రిలే పట్టు వదలకూడదు. ఎవరి ఆపే బటన్ వాళ్ళు నొక్కితేనే వదలాలి. అంతే, ఇంకేం లేదు."

ఇద్దరూ పక్కపక్కన కుర్చీలు వేసుకున్నారు. మౌసు అక్క చేతిలోనే ఉంది. ముందు ఆ సున్నా వైరును తెంపేసింది. తర్వాత బొమ్మ తాలూకు సెట్టింగులు తెరిచి, దాన్ని పెట్టిన ప్రతి చోటా దానికి విడి జ్ఞాపకం ఉండాలని చెప్పే గడిలో టిక్కు పెట్టింది. అందులో కూడా రెండు రకాలున్నాయట. ఒకటి, జ్ఞాపకాలను కుప్పగా పెట్టి ఖాళీగా ఉన్నదాన్ని అందుకునేది. ఇంకోటి, ఎవరిది వాళ్ళకు ముందే కేటాయించేది. ఇంజనీరు మొదటిదాని మీద వేలు పెట్టబోతే అక్క ఆపింది. "అది హోటల్లో గ్లాసుల్లాంటిది. ఎవడు తాగిన గ్లాసు ఎవడికొస్తుందో తెలీదు. మనకు పేరు చెక్కిన గ్లాసులు కావాలి." డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కున్న పేజీల్లో ఆ తేడా ఉందని తర్వాత చెప్పింది. చివరగా బెంచికొక బటన్ పెట్టింది. కొత్త బ్రేకు ఎక్కించి ఆ బటన్ నొక్కితే ఆ బెంచి లెక్క ఒక్కటే సున్నా అవుతుంది. పక్కవాటి జోలికి పోదు.

ఆరు బ్రేకులూ మూడోసారి ఎక్కాయి. సరుకు ఆలస్యమైందని, పరీక్ష ముగిసే రోజునే ఆసుపత్రి తరఫున తనిఖీకి ఒకావిడ వచ్చింది. పొట్టి జుట్టు, చేతిలో చిన్న నోటుపుస్తకం. అడిగినదానికి జవాబు వచ్చేదాకా కళ్ళు తిప్పని మనిషి. ఒక్కో బెంచే ముగుస్తూ వచ్చింది. సున్నా. ఒకటి. సున్నా. ఒకటి. సున్నా. నాలుగో బెంచి అన్నిటికన్నా ఆఖర్న ముగిసింది. ఏడు.

మేనేజరు గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయాడు. బావ అంతకన్నా ముందు అడుగు వేశాడు. పది మందిలో నోరు విప్పని మనిషి.

"విప్పి చూస్తానండి" అన్నాడు.

అందరి ముందూ బ్రేకు విప్పాడు. పట్టీ మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరిపి, ఒక మూల ఆపాడు. వేలు ఎత్తి చూపించాడు. నూనె మరక, చింతగింజంత.

"అతికించే ముందు ప్రతి పట్టీనీ ద్రావకంతో తుడవాలి. దీన్ని తుడిచినప్పుడు ఈ మూల వదిలేశాను. మరొకరి తప్పు కాదు, నా చెయ్యే. మిగతా ఐదూ నేను వేసినవే, వాటికి నాదే పూచీ." అని, తన విభాగం వైపు తిరిగి, "కొత్త పట్టీ వేస్తాను. మూడు రోజుల్లో ఇదే బెంచి మీద చూడండి" అన్నాడు.

పక్కన ఒకడు నిలబడి చూస్తుండగా, అవమానంతో చేసిన పని అది. ఆ సాకు ఆయన చెప్పలేదు. నేను చెబుదామని నోరు తెరిస్తే అక్క నా చెయ్యి నొక్కింది.

తనిఖీ ఆవిడ నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. తర్వాత తెర వైపు తిరిగింది. "ఈ ఆరు లెక్కలూ ఒకదాంట్లో ఒకటి కలవడం లేదని నాకెలా తెలుస్తుంది?"

మేనేజరు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు అక్క వైపు చూశాడు. "ఆవిడే చెప్పాలండి. ఇది గీసింది ఆవిడ."

అక్క ఉక్కు స్కేలు తీసి తనిఖీ ఆవిడ చేతికిచ్చింది. "నేను చెప్పడం ఎందుకమ్మా, మీరే పెట్టి చూడండి. ఏ బెంచి అయినా సరే."

ఆవిడ నవ్వలేదు గానీ స్కేలు తీసుకుంది. రెండో బెంచి దగ్గర నాలుగు సార్లు పెట్టింది. రెండో బెంచి ఒకటి మీద నుంచి ఐదుకు వచ్చింది. మిగతా ఐదూ కదల్లేదు. ఐదో బెంచి దగ్గర రెండు సార్లు పెట్టింది. ఐదోది ఒక్కటే కదిలింది. రెండో బెంచి బటన్ నొక్కింది. అది సున్నా అయింది. ఐదోది తన అంకెను తాను పట్టుకునే ఉంది. ఆవిడ ఒక్క క్షణం కూడా తెర వదలకుండా ఒక్కో బెంచీ తిరిగి, చివరికి స్కేలు అక్కకు తిరిగి ఇచ్చింది.

"ఎక్కడ చదువుకున్నారు మీరు?"

"ఇక్కడేనమ్మా. ఆ గోడ పక్కన ఒక ప్యానెల్ ఉండేది."

"నేను చాలా ఫ్యాక్టరీలు తిరిగాను" అందావిడ. "తమ బ్రేకు తప్పిందని వాళ్ళంతట వాళ్ళు నాకు చూపించింది మీరే. ఐదు ఈరోజు తీసుకెళ్తాను. ఆరోది మీరన్న రోజున."

ఆరోది చెప్పిన రోజున ఒకే ఒక్క జారుడుతో నెగ్గింది. ఆ పెట్టెకు నేనే స్వయంగా సీలు వేశాను. నా జీవితంలో అంత గుండ్రంగా లక్క పడ్డ సీలు ఇంకోటి లేదు.

నెల తిరగకుండానే పరీక్షల హాల్లోని ప్రోగ్రాములన్నిటికీ అక్కను బాధ్యురాలిని చేస్తూ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. దాని కింద ఇంజనీరు తన చేతిరాతతో ఒక లైను కలిపాడు: లెక్కల ప్రోగ్రాం మీద సందేహాలుంటే నన్ను కాదు, ప్యానెలక్కను అడగండి. మేనేజరు బావను తన గదిలోకి పిలిచి తలుపు వేసి ఏదో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో బావ చెప్పలేదు. కానీ ఆ మర్నాటి నుంచి లైనింగు విభాగంలో పక్కన నిలబడే మనిషి లేడు.

నన్నడిగితే, ఆ వ్యవహారమంతటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ఒక ఆదివారం పొద్దున నేనూ బావా క్షవరానికి వెళ్ళాం. నేను వరసలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాను. బావ కుర్చీలో ఉన్నాడు, మెడ చుట్టూ తెల్ల గుడ్డ. మంగలి ఊసుపోక, ఫ్యాక్టరీ విశేషాలేంటని అడిగాడు. ఎప్పుడూ ఊఁ, ఆఁ తప్ప మాట్లాడని మనిషి, గుడ్డ కింద నుంచి చేతులు బయటికి తీశాడు.

"మా ఆవిడ ఒక బొమ్మ గీసింది" అన్నాడు.

"బొమ్మలు గీస్తారా?"

"ఆ బొమ్మలు కాదయ్యా. దానికి రెండు గడులుంటాయి. ఎడమ గడిలో వేస్తే కుడి గడిలోంచి వస్తుంది."

తిరగేసి చెప్తున్నాడు. కుడి గడిలో వేస్తే ఎడమ గడిలోంచి రావాలి. నేను పేపరు దించాను. మంగలి కత్తి గాలిలో ఆపి, అర్థమైనవాడిలా తల ఊపుతున్నాడు. బావ రెండు చేతులతో గాలిలో ఆరు బెంచీలు పేరుస్తున్నాడు, ఆయన చెంప మీది సబ్బు ఆరిపోతోంది.

"పడుకుని లేచినా అది మర్చిపోదు. ఎంత పెద్ద ఇంజనీర్లకీ రాలేదది. మా ఆవిడకొచ్చింది. అందులోనే పట్టుబడ్డాను నేను, తెలుసా?"

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ఛాతీ గుడ్డ కింద నుంచే పొంగింది. నేను మళ్ళీ పేపరు ఎత్తుకున్నాను. సరిదిద్దలేదు.